లుబ్ధావధాన్లు వేషం ఎవరికివ్వాలి?

గురజాడ రాసిన కన్యాశుల్కం విజయనగరం నాటకం. 1892లో మొదటిసారి ఆడింది అక్కడే, అందులో వినిపించేదీ ఆ సీమ మాటే. కానీ 1955లో పి.పుల్లయ్య దాన్ని సినిమాగా తీసినప్పుడు పెద్ద వేషాలు కృష్ణకు ఇటూ అటూ ఉన్న ఊళ్లవాళ్లకు దక్కాయి. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావు గిరీశం. చిన్నప్పుడే బెజవాడలో నాటకాలాడిన సావిత్రి మధురవాణి. తెనాలి నాటకాల్లో పేరు మోసిన డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు.

ఈ మూడో ఎంపికకు నేను ఎప్పటికీ దణ్ణం పెడతాను. పిసినారి ముసలి పెళ్లికొడుకు అనగానే ఎవరికైనా హాస్యనటుడే తోస్తాడు. గోవిందరాజుల వారు 1938లో మాలపిల్లలో ఛాందసుడైన సుందరరామశాస్త్రిగా నిలబడ్డ మనిషి. ఆ బరువు ఈ వేషంలోకీ వచ్చింది. నవ్వించాలన్న తాపత్రయం ఆయన ముఖంలో కనబడదు. డబ్బు పోతుందేమోనన్న బెంగ, పిల్ల దక్కుతుందన్న ఆశ, రెండూ ఒకే గొంతులో వణుకుతాయి. నవ్వు మనకు వస్తుంది, ఆయనకు రాదు.

కథకు కావలసింది సరిగ్గా ఇదే. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని పద్దెనిమిది వందలకు ఈ ముసలాడికి ఇవ్వబోతాడు. తల్లి నూతిలో దూకుతుంది. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి, ఆ పిల్లవాణ్ణే పెళ్లికూతురని అంటగడతాడు. శిష్యుడు మాయమయ్యాక, అసలు పుట్టనే పుట్టని ఆడపిల్లను చంపాడన్న అభియోగం లుబ్ధావధాన్ల మెడకు చుట్టుకుంటుంది. అక్కడ ఆ ముసలాడి భయం నిజం కాకపోతే నాటకం ప్రహసనమైపోతుంది. అతన్ని చూసి మనం ఒక్కక్షణం జాలిపడకపోతే గురజాడ పన్నిన ఉచ్చు బిగుసుకోదు.

ఇవాళ బెజవాడలో ఏ సమాజమైనా ఈ నాటకం ఎత్తుకుంటే గిరీశం కోసమే ముందు వెతుకుతుంది. గిరీశాలు దొరుకుతారు, మాటకారితనం ఈ ఊళ్లో కొదవ కాదు. నన్నడిగితే కరటకశాస్త్రి శిష్యుడి కోసం ఎక్కువ తిరగాలి. మగపిల్లవాడు మగపిల్లవాడిగానే కనబడుతూ ఆడపిల్లగా నటించాలి. ఆడవేషాల్లో కూచిపూడికి తరాల పేరుంది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు మధురవాణి వేషం కట్టి మెప్పించారు. కానీ అంత పరిపూర్ణమైన స్త్రీత్వం ఈ శిష్యుడికి పనికిరాదు. మరీ నమ్మిస్తే ప్రేక్షకుడు మోసాన్ని మరిచిపోతాడు, మరీ తేలిపోతే అవధాన్లు వట్టి వెర్రివాడవుతాడు. అందుకే వేషం పరీక్షించేటప్పుడు మాటలున్న రంగం ఇవ్వకూడదు. పెళ్లిపీటల మీద తలొంచుకుని కూర్చోబెట్టి, పక్కన లుబ్ధావధాన్లు వేషం కట్టబోయే ఆయన్ని కూర్చోబెట్టి, ఇద్దరినీ కలిపి చూడాలి.