నలభై సెకన్ల సంగమేశ్వరం

2024 మే నెలాఖర్లో నాలుగు రోజులు నందికొట్కూరులో అమ్మావాళ్లింట్లో ఉన్నాను. టీవీ సీరియళ్ల మీద ఒక వ్యాసం రాయకూడదా అని స్నేహితులు అడిగినప్పుడల్లా నేను చెప్పే జవాబు ఒకటే: చూడకుండా తిట్టడం సులువు, చూసి రాయడం కష్టం. ఆ మాట నిలబెట్టుకుందామని ఒకరోజు పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా ఒకే తెలుగు వినోద ఛానల్ ముందు నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. ఛానల్ పేరు రాయడం లేదు. పేరు మారినా వరుస పెద్దగా మారదు.

పొద్దున సుప్రభాతం, రాశిఫలాలు, ఒక ప్రవచనం. ఆ తర్వాత నిన్నటి సీరియళ్లు మళ్లీ. పదకొండుకి వంట, పన్నెండుకి ఎండాకాలంలో చర్మాన్ని కాపాడుకోవడం ఎలాగో చెప్పే కార్యక్రమం, ఒంటిగంటకి ఆడవాళ్ల ఆటల పోటీ. రెండు గంటలకి వేసవిలో చూడదగ్గ ప్రదేశాలు. మూడింటికి సినిమా. ఆరు నుంచి పది దాకా వరసగా సీరియళ్లు. కాగితం మీద చూస్తే ఎంతో వైవిధ్యం ఉన్నట్టే ఉంటుంది. రోజంతా కూర్చుంటే మాత్రం ఇవన్నీ ఒకే స్త్రీతో మాట్లాడుతున్నాయని అర్థమవుతుంది. ఆమె ఇంట్లోనే ఉంటుంది. ఆమె ఫ్రిజ్‌లో కీరదోసకాయ ఉంటుంది. ఒంటిగంటకి ఆమె పని అయిపోతుంది.

మా హాల్లో ఆ స్త్రీ లేదు. అమ్మ, పెద్దమ్మ, పక్కింటి ముగ్గురు ఆడవాళ్లు బుడ్డలు వలుస్తున్నారు. మా వైపు వేరుశనగని బుడ్డలంటాం. మిషన్లో వేస్తే గింజ పగిలి విత్తనానికి పనికిరాదని తొలకరి ముందు ఇలా ఇళ్లల్లో చేత్తో వలిపిస్తారు. కూలి కొలత లెక్కన. తల ఎత్తితే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే డబ్బు తగ్గుతుంది. అందుకే వాళ్లు టీవీని చాలావరకు చెవులతోనే చూస్తారు. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు తలుపు కొడుతున్నారో సంగీతాన్ని బట్టే చెప్పేస్తారు.

పగటి పూట టీవీ తీరు ఇంటిపని తీరులాగే ముక్కలు ముక్కలుగా ఉంటుందని, మధ్యలో లేచి వెళ్లినా కథ తప్పిపోకుండా సీరియల్‌ని అల్లుతారని 1980లలో అమెరికన్ విమర్శకురాలు టానియా మాడ్లెస్కీ రాసింది. చదివినప్పుడు ఎంత నిజం అనుకున్నాను. కానీ ఆమె చెప్పిన గృహిణికి ఇంటిపని ఒక్కటే ఉంది. మా హాల్లో ఇంటిపని మీద కూలిపని కూడా చేరింది. ఆ రెండోదాన్ని ఏ కార్యక్రమమూ గుర్తించదు, మన సిద్ధాంతాలూ అంతగా గుర్తించలేదు.

ఆడవాళ్ల గడియారాన్ని టీవీ నిర్ణయించడం కొత్తేమీ కాదు. బ్రిటన్‌లో 1957 దాకా సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు టీవీలో ఏమీ వచ్చేది కాదు, తల్లులు పిల్లల్ని పడుకోబెట్టుకోవడానికి. పిల్లల్ని పడుకోబెట్టేది తల్లే అన్న విషయం మీద ఎవరికీ అనుమానం లేదు! మన దగ్గర సరిగ్గా ఆ వేళకే సీరియళ్లు మొదలవుతాయి. పొయ్యి మీద అన్నం ఉండగా మొదటి పాత్ర ఏడుపు అందుకుంటుంది.

సీరియళ్లని వెనకేసుకురావాలని నాకు లేదు. కోడలి సహనానికి దండలు వేసే కథల్ని ఎంత తిట్టినా తక్కువే. కానీ పెద్దమ్మ ఒక మాటతో నన్ను ఆపింది. 2017 నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో వచ్చిన 'కార్తీకదీపం' గురించి అడిగాను. ఒంటి రంగు వల్ల అవమానాలు పడి, భర్త అనుమానానికి గురైన దీప కథ అది. "దీప అని ఎవురంటారు పాపా, వంటలక్క అంటాం" అంది. డాక్టరుగారి భార్య అని కాదు, చేసే పనితో పిలుచుకున్నారు. మనం తిరోగమనం అని కొట్టిపారేసిన కథలోంచి వాళ్లు తమకి కావలసినదాన్ని ఏరుకున్నారు, బుడ్డల్లోంచి తాలు తీసేసినట్టు.

ఆ రోజులో నన్ను వదలనిది మధ్యాహ్నం రెండు గంటల కార్యక్రమం. వరసలో మూడోది సంగమేశ్వరం. శ్రీశైలం జలాశయం నిండితే మునిగిపోయి, వేసవిలో నీళ్లు తగ్గితే బయటపడే గుడి. ఏడు నదుల కలయిక, వేప మొద్దు శివలింగం, పడవలు, డ్రోన్ దృశ్యాలు. 'ప్రకృతి చేసిన అద్భుతం' అంది యాంకరమ్మ. నలభై సెకన్లు. వెంటనే ఫేస్‌క్రీం ప్రకటన.

మంచం మీద పడుకున్న అవ్వ లేచి కూర్చుంది. ఆమె ఊరు ఆ నీళ్లలోనే ఉంది. "గుడి సూపిచ్చినారు గానీ, ఊరేదీ? ఎనక్కి తిప్పు పాపా" అంది. కేబుల్ టీవీ వెనక్కి తిరగదు. తమ్ముడి కూతురు ఫోన్లో వేరే వీడియోలు వెతికి చూపించింది. వాటిలోనూ గుడే.

అది ప్రకృతి చేసిన పని కాదు. ఆనకట్ట చేసిన పని. ముంపు వస్తోందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. 1981లో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు మనుషులకి అంత ఓపికైన ఏర్పాటు దొరకలేదు. ఇల్లు కూల్చారు, పరిహారం మగవాళ్ల పేరున వచ్చింది, తన చేతికి రూపాయి రాలేదు అని అవ్వ ఇప్పటికీ చెబుతుంది. ఆ నలభై సెకన్లలో ఇవేవీ పట్టవు.

టీవీలో ఒకటి తర్వాత ఒకటి విడివిడిగా రావని, అంతా ఒకే ప్రవాహమని 1974లో రేమండ్ విలియమ్స్ రాశాడు. ప్రవాహం అన్న మాట నేను క్లాసులో ఎన్నోసార్లు తేలిగ్గా వాడాను. ఊరు మునిగిన మనిషి పక్కన కూర్చుని విన్నప్పుడు అది వేరేగా వినిపించింది. గుడి మీదుగా ఫేస్‌క్రీం పారింది, దాని మీదుగా సినిమా. మా హాల్లో దాన్ని ఆపమని అడిగింది అవ్వ ఒక్కతే.

స్త్రీలు టీవీలో ఎలా చూపబడుతున్నారో మనం చాలా రాశాం. టీవీ ముందు కూర్చున్న స్త్రీలు ఏమంటున్నారో కూడా అంతే శ్రద్ధగా రాసుకోవాలనిపిస్తోంది. ఆ రాత్రి కార్యక్రమాల పట్టిక కిందే అవ్వ వాళ్ల ఊళ్లో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండేదో ఆమె చెబుతుంటే రాసుకున్నాను. ఇరవై మూడు ఇళ్లు వచ్చాయి. మిగతావి రేపు చెబుతానని పడుకుంది.