మన కథలో మిగతావాళ్లు

సొంత జీవితం రాయడానికి కూర్చున్నవాళ్లు చాలామంది సగంలోనే ఆగిపోతారు. జ్ఞాపకాలకేం కొదవ ఉండదు. రాస్తూ రాస్తూ ఉండగా ఒకచోట అమ్మో, నాన్నో, విడిపోయిన మనిషో వస్తారు. అక్కడ చెయ్యి సాగదు. నా బాధ నేను రాసుకుంటాను సరే, అందులో ఉన్న మిగతావాళ్లు తమ మాట ఎక్కడ చెప్పుకోవాలి?

చనిపోయిన మా నాన్న గురించి రాస్తూ నేనూ అక్కడే చిక్కుకున్నాను. అప్పుడే కొండపల్లి కోటేశ్వరమ్మగారి ఆత్మకథ ‘నిర్జన వారధి’ మళ్లీ చదివాను. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2012లో ఆ పుస్తకం వేసేనాటికి ఆవిడకు తొంభై దాటాయి. ఊహ తెలియని వయసులో పెళ్లి, వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ పని, అజ్ఞాతవాసం. ఆయన వదిలేసి వెళ్లాక, ముప్ఫై దాటిన వయసులో చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా తన కాళ్ల మీద తాను నిలబడ్డారు. కొడుకు ఉద్యమంలోకి వెళ్లి తిరిగి రాలేదు. కూతురూ తల్లికన్నా ముందే పోయింది.

ఇన్ని దెబ్బలు తిన్న మనిషి ఎవరినైనా బోనెక్కించవచ్చు. భర్త చేసినదాన్ని ఆవిడ దాచలేదు, అయినా ఆ గొంతులో నిందకంటే వేదనే ఎక్కువ వినిపిస్తుంది. దాన్ని క్షమ అనబుద్ధి కాదు నాకు. నొప్పి తనది కాబట్టి ఎంత చెప్పాలో అంతా చెప్పారు. ఎదుటి మనిషి గుండెలో దూరి ఆయన తరఫున మాట్లాడలేదు. ఈ పని ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుస్తుంది.

అది చదివాక, ‘నాన్నకు మేమంటే ఇష్టం లేదు’ అన్న నా వాక్యం కొట్టేశాను. జీతం రోజున ఆయన ఎంత పొద్దుపోయి వచ్చేవారో, అమ్మ అన్నం మీద మూతపెట్టి గుమ్మంలో ఎలా కూర్చునేదో రాశాను. మొదటిది రాసినప్పుడు కోపం తీరింది. రెండోది రాస్తుంటే ఏడుపు ఆగలేదు. అమ్మ పక్కన నిద్ర ఆపుకుంటూ కూర్చున్న పిల్లని నేనే కదా.

రాస్తే గుండె బరువు దిగుతుందంటారు. దిగేముందు పెరుగుతుందని కూడా చెప్పాలి. అలాంటి రోజున కలం పక్కన పెట్టెయ్యడంలో తప్పేమీ లేదు.

అమ్మ ఉంది. ఆ అధ్యాయం ఆవిడకు చదివి వినిపించాకే అచ్చుకిస్తాను. తన గురించిన పేరా తీసెయ్యమంటే తీసేస్తాను. గుమ్మంలో కూర్చున్న ఆ పిల్లని కూడా తీసెయ్యమంటే మాత్రం ఒప్పుకోను.