ఎర్రగీత దాటని పనితనం

రీఫర్ కంటైనర్ సరుకును గడ్డకట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. భీమవరం వనామీ రొయ్య ప్లాంటులోనే మైనస్ 18 డిగ్రీలకు దిగాలి; అమెరికా చేరేదాకా ఆ చలిని కాపాడటమే కంటైనర్ పని.

నాకు ముచ్చటేసేది లోడింగ్ వాళ్ల చెయ్యి. బయట ఎండ మాడుస్తుంటే లోపల ఉన్నిటోపీలతో పెట్టెలు పేరుస్తారు. చల్లగాలి నేలలోని గాడుల గుండా వచ్చి, సరుకు చుట్టూ తిరిగి, పైనుంచి వెనక్కి పోవాలి. అందుకే గోడమీది ఎర్రగీత దాటి ఒక్క అట్టపెట్టె పెట్టరు, జాగా మిగిలిందని గుమాస్తా ఎంత గొణిగినా సరే! తలుపులు తెరిచి ఉన్నంతసేపూ యంత్రం ఆపేస్తారు. లేకుంటే అది తడిగాలిని లోపలికి లాగి, కాయిల్ మీద మంచు పేరుకునేలా చేస్తుంది.

ఆపైన యంత్రానికి కరెంటు అందాలి: లారీ మీద జెన్‌సెట్ అనే జనరేటర్, రేవులోనూ ఓడలోనూ ప్లగ్గు.

అరటిది ఇంకో తంటా. తాడిపత్రిలో 2020లో రైలెక్కి ముంబై దగ్గరి జేఎన్‌పీటీ రేవుకు వెళ్లిన అనంతపురం కాయలకు 13 డిగ్రీల చలి చాలు. కానీ అవి ఊపిరి తీసుకుంటాయి, వేడి పుట్టిస్తాయి. గాలి పెట్టెల చుట్టూ తిరిగితే చాలదు, కాయల మధ్యలోంచి దూరాలి. పైగా కాయల్ని మగ్గబెట్టే ఇథిలీన్ వాయువు పోవడానికి గవాక్షం కాస్త తెరిచి ఉంచాలి. రొయ్యకు మాత్రం అది మూసే ఉండాలి.