గుడ్డ కప్పు కింద పొడి పక్క

గుడ్డను పైకప్పుగా చేసుకొని నిద్రించే మనిషి పక్కలోకి నీరు మూడు దారుల్లో వస్తుంది: పైనుంచి వానగా, కిందినుంచి నేల చెమ్మగా, లోపలినుంచి ఆ మనిషి ఊపిరిగా. మొదటి దారి అందరికీ తెలిసినదే, రెండోది పొలంలో పడుకున్నవారికి తెలుసు. మూడోదాన్ని మాత్రం దాదాపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అందుకే తెల్లవారి లేచి దుప్పటి తడిగా ఉంటే గుడ్డ కారిందని నింద వేసి, మరింత మందమైన గుడ్డ కోసం సంతలో వెతకడం జరుగుతుంది. పశ్చిమ ప్రకాశంలోని కొనకనమిట్ల మండలంలో గొర్రెల మంద పక్కన పరదా కట్టుకొని పడుకునే కాపరికీ, ఆస్ట్రేలియా సముద్రతీరంలో కారవాన్ నిలుపుకొని సెలవులు గడిపే తెలుగు కుటుంబానికీ ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

కారవాన్ అనగానే తెలుగు పాఠకునికి షూటింగుల దగ్గర తారలు సేదతీరే చల్లటి బస్సు గుర్తుకు వస్తుంది గాని, ఇక్కడ చెప్పుకొనే పాప్‌టాప్ కారవాన్ అంత దర్జా వస్తువు కాదు. అది కారు వెనక తగిలించుకొని లాక్కుపోయే చక్రాల గది. దారిలో గాలి ఒరిపిడి తగ్గడానికి దాని పైకప్పు కిందికి దిగి ఉంటుంది, మజిలీ చేరాక పైకి లేపితే చుట్టూ గుడ్డ గోడలు సాగి నిలుస్తాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1975లో మొదలైన జేకో వంటి కంపెనీల బళ్లలో కొన్నింటికి ముందూ వెనకా రెండు బల్లలు బయటికి జరిగి మంచాలవుతాయి. ఈ మంచాలకు కింద చెక్కబల్ల, పైనా పక్కలా గుడ్డ మాత్రమే ఉంటాయి కనుక, బండి మొత్తంలో వానకూ మంచుకూ ఎక్కువగా లోబడేవి ఆ రెండు కొసలే.

నూలు కాన్వాసు వానను ఆపే తీరు రేకు ఆపే తీరు కాదు. రేకుకు రంధ్రాలు లేవు; కాన్వాసుకు పడుగూ పేకా కలిసే ప్రతిచోటా సందు ఉంటుంది. ఆ సందులో నీటి తలతన్యత, అంటే నీరు తన పైపొరను బిగించి పట్టుకొనే గుణం, చినుకును లోపలికి జారనివ్వకుండా నిలిపివేస్తుంది. పైగా నూలు తడిస్తే ఉబ్బుతుంది కాబట్టి మొదటి జల్లు తరువాత సందులు మరింత బిగుసుకుంటాయి. కొత్త గుడారాన్ని వాడకానికి ముందే రెండు మూడు సార్లు బాగా తడిపి, ప్రతిసారీ పూర్తిగా ఆరనిచ్చే అలవాటు ఇందువల్లనే ఏర్పడింది, ఎందుకంటే కుట్టు వెంబడి సూది చేసిన రంధ్రాలు దారం ఉబ్బి పూడుకుపోయేది ఆ తడుపులతోనే. ఈ సంగతి తెలియక మొదటి వానకే కుట్ల దగ్గర నీరు చెమర్చిందని కొట్టువాడితో తగవు పెట్టుకొనేవారు అన్ని దేశాల్లోనూ ఉంటారు. కాన్వాసుకు నీటిని విదిల్చే మైనపు పూతో రసాయనపు పూతో పట్టిస్తారు. సబ్బుపొడితో ఉతికితే ఆ పూత పోవడమే కాక, గుడ్డలో మిగిలిపోయిన సబ్బు నీటి తలతన్యతను తగ్గించి చినుకుకు తానే దారి ఇస్తుంది. కాబట్టి మురికి పోవడానికి చన్నీళ్లూ మెత్తని బ్రష్షూ చాలు.

ఇంత పకడ్బందీగా నీటిని ఆపే గుడ్డ ఒక్క వేలికి లొంగిపోతుంది. వాన కురుస్తున్నప్పుడు లోపలినుంచి వేలితో తాకితే, తాకినచోట నీటి పైపొర తెగి, నీరు వేలిని పట్టుకొని లోపలికి దిగుతుంది. వేలు తీసేసిన తరువాత కూడా అక్కడ చాలాసేపు చెమ్మ ఊరుతూనే ఉంటుంది. కారవాన్ మంచాల కొసల్లో జరిగేది ఎక్కువగా ఇదే. పరుపు బల్ల నిండా పరుచుకొని ఉంటుంది, దిండు గుడ్డను ఆనుకుంటుంది, నిద్రలో మోకాలు గోడకు తగులుతుంది; ప్రమిదలో ఒత్తి నూనెను పీల్చినట్టు దుప్పటి అంచు ఆ నీటిని పీల్చి పరుపు మధ్యదాకా తెస్తుంది. సన్నని సందుల్లో నీరు తనంతట తాను పాకే ఈ గుణానికి భౌతికశాస్త్రంలో కేశనాళికీయత అని పేరు. దీనికి విరుగుడు మందమైన గుడ్డ కాదు, ఎడం. పరుపుకూ గుడ్డకూ నడుమ నాలుగు వేళ్ల ఎడం ఉంచి, దిండ్లను బండి లోపలివైపుకు తిప్పి, బట్టల సంచులు గోడకు ఆనకుండా చూసుకుంటే, పాత కాన్వాసు కూడా రాత్రంతా నీటిని ఆపగలదు.

అంచు పని మరొకటి ఉంది. గోడ గుడ్డ మీద జారిన నీరు కిందికి వచ్చి ఎక్కడ రాలుతుందన్నది ముఖ్యం. గుడ్డ కింది అంచు మంచపు బల్లకు బయటివైపున, బల్లకంటే కిందికి వేలాడుతూ ఉంటే నీరు నేల మీద పడుతుంది. అదే అంచు ముడుచుకొని బల్ల మీదికి ఎక్కితే, పైనుంచి వచ్చిన నీళ్లన్నీ పరుపు కిందికే చేరతాయి. తెలుగునాట పూరింటికి చూరు గోడను దాటి ముందుకు వచ్చేది ఇందుకే. తిరునాళ్లకు కుటుంబాలు గూడుబళ్లు కట్టుకొని పోయిన రోజుల్లో వెదురుబద్దల గూడు మీది చాపను బండి పక్కకర్రల లోపలికి దోపకుండా వెలుపలికి దించి కట్టడంలో ఉన్నదీ ఈ లెక్కే. గూడు వంపు తిరిగి ఉండడంవల్ల దాని మీద నీరు నిలవదు. కారవాన్ మంచాల మీద మాత్రం నడిమి కర్ర కాస్త సడలినా గుడ్డ కుంగి గుంత పడుతుంది, ఆ గుంతలో నిలిచిన నీటి బరువు ఎంత బిగువైన నేతనైనా ఓడిస్తుంది.

ఇక మూడో దారి. నిద్రపోయే మనిషి ఒక రాత్రిలో ఊపిరిద్వారా, చెమటద్వారా పావులీటరుకు అటూ ఇటూగా నీటిని గాలిలోకి వదులుతాడు. నలుగురు పడుకున్న గుడ్డగదిలో అది లీటరుకు చేరుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న చలిరాత్రి పైకప్పు గుడ్డ తన వేడిని ఆకాశంలోకి వదిలి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది, దానికి తగిలిన ఊపిరి ఆవిరి తిరిగి నీరై బొట్లు కడుతుంది. నల్లమల కొండల తూర్పున మార్కాపురం, గిద్దలూరు, కొనకనమిట్ల ప్రాంతాల్లో పగలు ఎండ కాసినా డిసెంబరు, జనవరి రాత్రులు ఇలాంటివే. చుక్క వాన పడకపోయినా తెల్లవారేసరికి పరదా లోపలివైపు నీరు కారుతుంటుంది. నూలు కాన్వాసు ఈ ఆవిరిలో కొంత భాగాన్నయినా బయటికి పోనిస్తుంది. పాలిథిన్ పట్ట, పీవీసీ పూత గుడ్డ పోనివ్వవు. ఈ రకాల్లో వానను పూర్తిగా ఆపే గుడ్డ ఊపిరినీ పూర్తిగా ఆపుతుంది, ఊపిరి ఆడే గుడ్డ ఎప్పుడో ఒకప్పుడు వానకు లోబడుతుంది. ఈ రెండు గుణాలనూ ఒకే గుడ్డలో కోరుకోవడంలోనే చిక్కంతా ఉంది.

పశ్చిమ ప్రకాశం పొగాకు రైతుకు ఇది కొత్త సంగతి కాదు. వేడితో పొగాకును ఆరబెట్టే బ్యారన్‌లో పండిన ఆకు పెళుసుగా ఉండి ముట్టుకుంటే పొడి అవుతుంది కాబట్టి, దాన్ని మళ్లీ మెత్తబరచడానికి గాలిలోని తేమను పట్టనిస్తారు. చేతిలో విరగకుండా మడత పడే ఆ స్థితిని పదును అంటారు. పదును మించిన ఆకును బేలు కడితే బూజు పడుతుంది, రంగు చెడుతుంది, పొదిలి వేలం కేంద్రంలో ధర పడిపోతుంది. అలాంటి బేళ్ల మీద పాలిథిన్ పట్టను నేలదాకా బిగించి కప్పితే వానచుక్క లోపలికి పోకపోయినా ఆకులోని తేమే పట్టకు చెమటై, తిరిగి బేళ్ల మీదికే జారుతుంది. అనుభవమున్న రైతు కాబట్టే కింద దుంగలు పేర్చి, పట్టకూ బేళ్లకూ నడుమ గాలి ఆడే సందు వదులుతాడు. ఆకు విషయంలో ఇంత జాగ్రత్త పడే మనిషి రాత్రి కాపలాకు తానే అదే పట్ట కింద పడుకున్నప్పుడు నాలుగు వైపులా బిగించుకొని చెమ్మలో నిద్రపోవడం ఒక వింత.

గొర్రెల కాపరి పక్క ఈ చర్చలో అన్నిటికంటే ఆసక్తికరమైనది. కోతలయ్యాక పొలంలో ఎరువు కోసం మంద కట్టించే రైతు దగ్గర కాపరి రాత్రంతా మంద పక్కనే ఉండాలి; అతనికి అనాదిగా గుడారమూ దుప్పటీ రెండూ ఒకటే, అది గొంగడి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకొని కూడా ఒంటికి తడి తెలియనివ్వదు, చింతగింజల గంజి పట్టించి బిగువెక్కించిన గొంగడి మీద చినుకు చాలాసేపు జారిపోతుంది, ఊపిరి మాత్రం దాని గుండా బయటికి పోతుంది. అయితే ఈ ప్రాంతంలో ఎక్కువగా పెంచేది నెల్లూరు జాతి గొర్రె. పల్ల, జోడిపి, డోర అనే మూడు రకాల్లోనూ దాని ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకే తప్ప ఉన్ని కాదు. గొంగడి నేతకు పనికివచ్చే ఉన్ని దక్కనీ జాతి గొర్రెలది, అవి ఉండేది పడమటి మెట్టసీమల్లో. అంటే మందలో వందల గొర్రెలున్నా కొనకనమిట్ల కాపరి తన పక్కకు కావలసిన గొంగడిని బయటి సీమనుంచే తెచ్చుకోవాలి. దాని స్థానంలోకి నీలిరంగు పాలిథిన్ పట్ట ఇంత సులువుగా చొరబడడానికి చౌకతోపాటు ఇదీ ఒక కారణమని ఈ వ్యాస రచయిత అభిప్రాయం.

కాపరి నులక మంచం మాత్రం కారవాన్ పరుపుకు పాఠం చెప్పగలదు. చెక్కబల్ల మీద నురుగు పరుపు వేస్తే ఒంటి వేడికి దిగిన చెమ్మ పరుపు అడుగున చల్లని బల్లను తాకి అక్కడే నిలిచిపోతుంది. కొన్నాళ్లకు పరుపును తిరగేస్తే నల్లని బూజు మచ్చలు కనిపిస్తాయి. నులక అల్లికకు కింద గాలి ఆడుతుంది, చెమ్మ ఎక్కడా నిలవదు, మంచం మీది బొంతను పొద్దున్నే కంచె మీద ఆరవేస్తే మధ్యాహ్నానికి పెళపెళలాడుతుంది. కారవాన్‌లో బల్లకూ పరుపుకూ మధ్య కొబ్బరిపీచు చాపో, సందులు వదిలి కొట్టిన చెక్కబద్దలో వేస్తే నులక చేసే పనిలో చాలావరకు అవి చేస్తాయి.

ఒకే గుడ్డలో రెండు గుణాలు దొరకనప్పుడు రెండు గుడ్డలు వాడడం పాత ఉపాయం. మార్కాపురం ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉన్న ఆంగ్లేయుల కాలంలో శిస్తు లెక్కల జమాబందీకి ఊరూరా తిరిగే అధికారుల డేరాలకు పైకప్పులు రెండు ఉండేవి. పై గుడ్డ ఎండనూ వాననూ తన మీద వేసుకొనేది, జానెడో మూరెడో కింద ఉండే లోగుడ్డ వాటి తాకిడి లేకుండా ఊపిరిని పోనిచ్చేది, నడుమ గాలి పారేది. నేటి కారవాన్ మంచాల మీద వెండిరంగు తొడుగు ఒకటి వేరుగా కట్టడంలో ఉన్నది ఈ సూత్రమే. తొడుగు కట్టినా లోపలి కిటికీ రెక్కలను కింద కొద్దిగా, పైన కొద్దిగా తెరిచి ఉంచకపోతే ప్రయోజనం సగమే, ఎందుకంటే ఆవిరి నిండిన గాలి పోవడానికి ఒక దారి, పొడిగాలి రావడానికి మరో దారి కావాలి. చలి భయంతో అన్నీ మూసుకొనేవారే ఎక్కువగా తడుస్తారు.

నేల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. పలకరాయి పొరలూ గరపనేలా ఉన్న ఈ సీమలో వాన అరుదైనా వచ్చినప్పుడు దబాటున కురిసి, నేలలో ఇంకకముందే పైపైన పారిపోతుంది. కాబట్టి మెరక చూసి మంచం వేయడం, ఎగువ వైపు చిన్న కాలువ తీయడం గుడ్డ నాణ్యతకంటే ముందు చూడవలసిన పనులు.

గుడ్డకు అసలు చావు వానలో కాదు, మడతలో వస్తుంది. తడి కాన్వాసును చుట్టి పెడితే రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది, ఆ శిలీంధ్రం నూలులోని సెల్యులోజును తినేస్తుంది, మచ్చ పోయినా నేత బలం తిరిగి రాదు. బ్లీచింగ్ నీళ్లతో మచ్చ పోగొట్టబోతే మిగిలిన బలమూ పూతా కూడా పోతాయి. పెళ్లిలో వాన పడిన మరునాడు టెంటు హౌస్ మనిషి తడిసిన షామియానాలను బడి ఆవరణలో, ప్రహరీ గోడల మీద పరిచి, కుట్టు మడతలను వేళ్లతో విప్పి చూసి, అక్కడ కూడా చెమ్మ లేదనుకున్నాకే చుట్టడం ఊళ్లలో కనిపించే దృశ్యం. కుట్టు దగ్గర గుడ్డ రెండు మూడు పొరలుగా ఉండి అన్నిటికంటే ఆలస్యంగా ఆరుతుందని అతనికి తెలుసు. సెలవు ముగిసిన ఉదయం తడి మంచాలను లోపలికి తోసి ఇంటికి బయలుదేరే కారవాన్ యజమాని కూడా ఇల్లు చేరిన రోజే వాటిని మళ్లీ విప్పి ఆరబెట్టాలి.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ప్రకాశం జిల్లా పొలాలు వానకు దెబ్బతిన్నాయి. అటువంటి రోజుల్లో గాలివాన అడ్డంగా కొడుతుంది, పై పరదా ఒక్కటే ఉన్న పడకకు పక్కలనుంచి రక్షణ ఉండదు, పక్కలు మూస్తే ఊపిరి చెమ్మనుంచి రక్షణ ఉండదు. రైతులకు రాయితీ మీద టార్పాలిన్ పట్టలు ఇచ్చే వ్యవసాయ శాఖా, తుపాను వేళ పరదాలు పంచే దాతలూ కాపరులకూ పొలం కాపలాదారులకూ మనిషికి ఒక పెద్ద పట్టకు బదులు రెండు చిన్న పట్టలు, వాటిని జానెడు ఎడంగా కట్టుకోవడానికి తాడు, నేల మీద వేసుకోవడానికి ఒక గోనె పట్టా కలిపి ఇవ్వాలి.