కదలని సూది

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఈగిల్ రివర్ అనే చిన్న ఊరుంది. 1964 నుంచి అక్కడ మంచు మీద నడిచే స్నోమొబైల్ బళ్ళ పందేలు జరుగుతున్నాయి. నీళ్ళు గడ్డకట్టించి తయారుచేసిన అర మైలు ట్రాక్ మీద పాతకాలపు బళ్ళకూ పోటీలుంటాయి. చూడవచ్చినవాళ్ళు ఇంజను మోతకు మురిసిపోతారు. నా కళ్ళు మాత్రం పక్కనున్న క్లచ్ మీదికే పోతాయి. కంపెనీ బిగించి పంపిన క్లచ్‌ను అలాగే ఉంచి, లోపల చిన్న చిన్న మార్పులతో దాన్ని పందేనికి సిద్ధం చేసే పనితనం అంత గొప్పది.

స్నోమొబైల్‌లో మార్చుకునే గేర్లుండవు. ఇంజను షాఫ్ట్ మీద ఒక పుల్లీ, బండి కింద తిరిగే పట్టాను నడిపే వైపు ఇంకో పుల్లీ, రెంటి నడుమ రబ్బరు బెల్టు. ఈ పుల్లీలనే క్లచ్‌లంటారు. కైనెటిక్ హోండా నుంచి యాక్టివా దాకా మన గేర్లు లేని పెట్రోలు స్కూటర్లు ఈ సూత్రం మీదే నడుస్తాయి. స్కూటర్లో రోలర్లు జరుగుతాయి, ఇక్కడ చిన్న చేతుల్లాంటి బరువులు విచ్చుకుంటాయి. ఇంజను వేగం అందుకోగానే అవి పుల్లీ పలకలను దగ్గరికి నెడతాయి, బెల్టు అంచువైపు ఎక్కుతుంది. రెండో క్లచ్‌లో స్ప్రింగు, హెలిక్స్ అనే ఏటవాలు కామ్ ఉంటాయి. లోడు పెరిగినప్పుడు అవి బెల్టును బిగించి, బండిని మళ్ళీ పికప్‌లోకి తెస్తాయి.

పందెం బళ్ళలోని టూ-స్ట్రోక్ ఇంజను తన పూర్తి బలాన్ని చాలా ఇరుకైన వేగపరిధిలోనే ఇస్తుంది. అది 8000 ఆర్పీఎం దగ్గర ఉందనుకుందాం. జెండా ఊపింది మొదలు బండి వేగం పెరుగుతూనే ఉండాలి, మీటరులో ఆర్పీఎం సూది మాత్రం 8000 దగ్గరే నిలబడాలి. ఆ కదలని సూదిని సాధించడమే ట్యూనింగ్.

అందులో గ్రాముల లెక్క చూడండి. విచ్చుకునే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 50 గ్రాముల బరువులో ఒక్క గ్రాము తగ్గిస్తే 2 శాతం పోయినట్టు. అదే ఒత్తిడి రావాలంటే ఇంజను దాదాపు 1 శాతం, అంటే 80 ఆర్పీఎం ఎక్కువ తిరగాలి. ఆ గ్రాము ఎక్కడ తీశారన్నది ఇంకా ముఖ్యం. యమహా క్లచ్ బరువుల్లో రివెట్లు పెట్టుకునే రంధ్రాలుంటాయి. కొసన ఉన్న రివెట్ మారిస్తే పైవేగం మారుతుంది, మొదలు దగ్గరిది మారిస్తే బయల్దేరే తీరు మారుతుంది. క్లచ్‌లోని బరువులన్నీ ఒకదానికొకటి సరితూగాలి, లేదంటే వణుకు పుడుతుంది. ఇంత సూక్ష్మమైన పనికి చిన్న త్రాసు, మంచి చెవి, ఓపిక చాలు.

అయితే బరువుల జోలికి వెళ్ళేముందే చేయవలసిన పని చాలా ఉంటుంది. మొదటి క్లచ్‌లోనూ ఒక స్ప్రింగు ఉంటుంది; ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారితే అది బిగువు కోల్పోతుంది, దాంతో బెల్టును పట్టే వేగమే మారిపోతుంది. బరువులు ఆనుకునే రోలరు ఒకవైపు చదునుగా అరిగినా, బుషింగులు వదులైనా క్లచ్ ఒక్కో పరుగులో ఒక్కోలా పనిచేస్తుంది. అలాంటి క్లచ్‌లో ఎన్ని బరువులు మార్చినా ప్రయోజనం లేదు. ముందు దాన్ని కొత్తదానిలా పనిచేయించాలి.

నాకు బాగా నచ్చిన పరీక్షకు మార్కర్ పెన్ను చాలు. పుల్లీ పలక మీద నడిమి నుంచి అంచుదాకా గీత గీసి, బండిని ఒక పరుగు తీయిస్తారు. బెల్టు ఎంతవరకు ఎక్కిందో అంతవరకు గీత చెరిగిపోతుంది. అంచు దగ్గర గీత మిగిలితే బెల్టు పూర్తిగా ఎక్కలేదన్నమాట. ఆ వెంటనే రెండు పుల్లీల వేడి చూస్తారు. ఎక్కువ కాగినచోట బెల్టు జారుతోందేమోనని ముందుగా అనుమానిస్తారు. ఆపైన ఒక్కటే మార్పు చేసి మళ్ళీ పరుగు తీయిస్తారు. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

చివరగా బెల్టు వెడల్పు. అరిగి సన్నబడిన బెల్టును పట్టాలంటే పలకలు ఇంకాస్త దగ్గరికి రావాలి, కాబట్టి బండి ఆలస్యంగా అందుకుంటుంది. అందుకే మంచి ట్యూనర్లు పందేనికి వేయబోయే బెల్టును ముందే కొంత నడిపి, కొలిచి, క్లచ్‌ను దానికే సరిపెడతారు.