పేరు ఎంత లోతు దిగాలి

కొత్తచెరువు నుంచి పెనుకొండ వైపో బుక్కపట్నం వైపో బస్సులో పోతుంటే చెనక్కాయ చేల గట్ల పక్కన అక్కడక్కడా సమాధులు కనిపిస్తాయి. చచ్చినవాళ్లంతా ఊరి శ్మశానానికే పోవాలన్న పట్టింపు ఈ సీమలో అంతగా లేదు. దున్నిన చేలోనే మనిషిని పూడ్చడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. సున్నం కొట్టిన దిమ్మె, తల దగ్గర దీపం పెట్టే గూడు, ముందు భాగాన ఒక రాతిపలక. దిమ్మెను ఏ మేస్త్రీ అయినా కట్టేస్తాడు. పలక మీద పేరు చెక్కడం వేరే చేతి పని. ఆ చేయి సాధారణంగా తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది.

ఈ సీమలో ఆ పనికి రెండు రకాల రాళ్లున్నాయి. తాడిపత్రి వైపు నుంచి వచ్చే నాపరాయి సున్నపురాయి జాతిది, పొరలు పొరలుగా లేస్తుంది. పలక చేయడం తేలిక, ఉలికి లొంగుతుంది, సన్నటి గీత కూడా విరగకుండా నిలుస్తుంది. కానీ ఏళ్ల తరబడి వాన పడితే సున్నపురాయి కొద్దికొద్దిగా కరిగి, అక్షరాల అంచులు మొద్దుబారతాయి. రెండోది మన గుట్టల రాయి. అందులోనూ మామూలు బూడిదరంగు గ్రానైట్ వేరు, నల్లరాయి వేరు. వ్యాపారంలో దాన్ని బ్లాక్ గ్రానైట్ అంటారు గానీ నిజానికి అది డోలరైట్. పాత రాతినేల పగుళ్లలోకి కరిగిన శిల ఎగదన్ని గడ్డకట్టగా ఏర్పడిన గోడ అది. బూడిదరంగు గ్రానైట్‌లో పలుకులు పెద్దవి కాబట్టి సన్న గీత దగ్గర ఒక పలుకు ఊడితే అక్షరమే పోతుంది. నల్లరాయిలో పలుకులు సన్నం, అందుకే అంచు నిలుస్తుంది.

నల్లరాతికి అద్దంలాంటి మెరుగు పెట్టడం యంత్రాలతో వచ్చిన విద్య అనుకుంటాం. అమరాపురం మండలం హేమావతికి పోయి చూస్తే ఆ భ్రమ పోతుంది. ఒకప్పటి నొళంబ రాజుల రాజధాని అది. వెయ్యేళ్ల నాటి ఆ నల్లరాతి స్తంభాల నునుపు చూసే కాబోలు, చోళులు వాటిలో కొన్నింటిని తంజావూరు సీమకు మోసుకుపోయారు. తిరువయ్యారు గుడిలో అవి ఇప్పటికీ ఉన్నాయి. నీళ్లు, ఇసుక, కురుందం పొడి, ఆపైన మనిషి ఓపిక: మెరుగుకు కావలసినవి అప్పుడు అవే. కురుందం ఈ సీమ మట్టిలోనే దొరికేది.

రాయిని గుట్ట నుంచి విడదీసే పని ఒడ్డెవాళ్లది, చెక్కే పని విశ్వబ్రాహ్మణుల్లో కాసెవాళ్లది అని పాత లెక్క. ఇప్పుడా గీత చెరిగిపోయింది. రెండు పనులూ చేసే ఇళ్లున్నాయి, ఈ రెండు కులాలకూ చెందని కొలువుగాళ్లూ ఉన్నారు. పరుపుబండను లేపడానికి ఒకప్పుడు నిప్పే పనిముట్టు. బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టి, మంటను మెల్లగా ముందుకు జరుపుతూ పోతే వేడికి పైపొర ఉబ్బి అడుగు నుంచి విడిపోతుంది. విడిందా లేదా అన్నది సుత్తితో కొట్టి చప్పుడును బట్టి తెలుసుకుంటారు. బెంగళూరు దగ్గర ఈ పద్ధతిని చూసి ఆశ్చర్యపోయిన ఒక భూగర్భ శాస్త్రవేత్త 1895లో నేచర్ పత్రికకు రాశాడు. మందపు రాయికి మరో దారి ఉంది. ఒకే వరసలో బెజ్జాలు వేసి, ఇనుప చీలలు దిగగొట్టి, ఒక్కదాన్నే బాదకుండా ఈ చివర నుంచి ఆ చివరికి సమ్మెటతో ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోవాలి. రాయికి ఒక వాటం ఉంటుంది. ఆ వాటాన వరస వేస్తే తిన్నగా చీలుతుంది, అడ్డం వేస్తే వంకర పోతుంది. ఈ వాటం చూడటమే ఇంట్లో పిల్లలకు అన్నిటికంటే ఆలస్యంగా అబ్బే విద్య.

చనిపోయినవాడికి రాయి నిలపడం ఈ పీఠభూమిలో ఎంత పాతదో వీరగల్లులు చెబుతాయి. పశువుల మందను విడిపించబోయి చచ్చినవాడికీ, రాజు తరఫున పోరాడి పడ్డవాడికీ ఊరు నిలిపిన రాళ్లవి. వాటిని కింద నుంచి పైకి చదవాలి. అడుగు గడిలో యుద్ధం, నడిమి గడిలో వీరుణ్ణి అప్సరసలు మోసుకుపోవడం, పై గడిలో లింగం ముందు అతను కూర్చోవడం, అన్నిటికీ పైన సూర్యచంద్రులు. తొమ్మిదో శతాబ్దంలో గంగ, నొళంబ రాజులకూ బాణ, వైదుంబ రాజులకూ సోరెమడి దగ్గర జరిగిన యుద్ధం మనకు తెలిసింది ప్రధానంగా వీరగల్లుల వల్లే. ఆ సోరెమడి ఇప్పటి రొద్దం మండలం చోళేమర్రే అని చరిత్రకారులు గుర్తించారు. కొత్తచెరువుకు ఇదేం దూరదేశం కాదు, పాత పెనుకొండ తాలూకాలోదే.

వీరగల్లు మీద మనిషి ఎలా పోయాడో ఉంటుంది, ఎప్పుడు పుట్టాడో ఉండదు. పుట్టిన తేదీ, పోయిన తేదీ పక్కపక్కన వేసే అలవాటు మనకు దొరల శ్మశానాల నుంచి వచ్చిందని నా ఊహ. గుత్తి కోట కింద అలాంటి శ్మశానం ఒకటుంది. 1827 జులైలో పత్తికొండ దగ్గర కలరాతో పోయిన మద్రాసు గవర్నర్ థామస్ మన్రోను మొదట పూడ్చింది అక్కడే. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

ఇక అక్షరాల సంగతి. ఈ వృత్తిలో అసలు గొప్పతనం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. రోమన్ అక్షరాలు చాలావరకు నిలువు గీతలు, అడ్డ గీతలు. ఉలి తిన్నగా పోయే పనిముట్టు కాబట్టి అవి దానికి అనుకూలం. తెలుగు అక్షరం గుండ్రం. రాతిలో గుండ్రం తీయాలంటే చిన్నచిన్న తిన్నని దెబ్బలను వంపుగా పేర్చుకుంటూ రావాలి. 'లక్ష్మమ్మ' అన్న ఒక్క పేరులో క్షకు కింద మరో ఒత్తు, మకు ఒత్తు, పైన తలకట్లు. వరసకూ వరసకూ మధ్య ఒత్తుకు చోటు వదలాలి, కింది వరస గుడి వచ్చి పై వరస ఒత్తును తాకకూడదు. అందుకే తెలిసినవాడు ముందు పలకంతా సుద్దతోనో జేగురుతోనో రాసుకుని, దూరంగా నిలబడి చూసి, తుడిచి మళ్లీ రాస్తాడు. చెక్కడం కంటే ఈ రాయడానికే ఎక్కువ పొద్దు పడుతుంది. తర్వాత గీతకు రెండు వైపుల నుంచీ ఉలిని వాల్చి కొట్టి, మధ్యలో లోయలా కలుపుతాడు. గీత ఎంత వెడల్పో ఇంచుమించు అంత లోతు. ఏటవాలు ఎండ పడితే ఆ లోయలో ఒక పక్క నీడ నిలుస్తుంది. రంగు వెలిసిపోయినా పేరు చదివించేది ఆ నీడే.

మాటలు కూడా ఇంటింటికీ వేరు. లింగాయతుల పలక మీద 'శివైక్యం' అని రావాలి. క్రైస్తవుల పలక మీద శిలువ, 'ప్రభువునందు నిద్రించినది'. ఈ తేడాలు పుస్తకంలో ఉండవు. అన్నీ తెలిసినవాడి దగ్గరికే జనం పోతారు. కుటుంబ వ్యాపారంగా ఇది నిలవడానికి పనితనం సగం కారణమైతే ఈ ఎరుక సగం. తాతకు పలక చెక్కిన ఇంటివాళ్లే మనవడికీ చెక్కితే ఇంటిపేరు తప్పు పడదు.

ఆళ్లగడ్డలో శిల్పుల కుటుంబాలు ఇలాగే ఇళ్లముందు పని చేసుకుంటూ దేవుడి విగ్రహాలు మలిచి భౌగోళిక గుర్తింపు (జీఐ) దాకా తెచ్చుకున్నాయి. పలకలు చెక్కేవాళ్లకు అలాంటి గుర్తింపేదీ రాలేదు. అమెరికాలో అలా కాదు: రోడ్ ఐలండ్ రాష్ట్రం న్యూపోర్ట్‌లో ఒక సమాధి రాళ్ల కొట్టు 1705 నుంచి నడుస్తోంది. జాన్ స్టీవెన్స్ షాప్ దాని పేరు. స్టీవెన్స్ వంశం చేతుల్లోంచి 1927లో బెన్సన్ కుటుంబం చేతికి వచ్చింది. ఇప్పటికీ వాళ్లు ముందు కుంచెతో అక్షరం రాసుకుని, ఆ తర్వాతే ఉలి పడతారు. ఆ ఇంటి మూడో తరం నికొలస్ బెన్సన్‌కు 2010లో మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ దక్కింది. అదే కొట్లో 1760ల్లో బానిసగా ఉన్న పాంప్ స్టీవెన్స్, తన సోదరుడి సమాధి రాయి మీద అది చెక్కింది తానేనని రాసుకున్నాడు. మన పలకల మీద చెక్కినవాడి పేరు ఎక్కడైనా చూశామా?

ఇప్పుడు ఉలి చప్పుడు తగ్గింది. కంప్యూటర్‌లో పేరు టైపు చేసి, రబ్బరు షీటులో అక్షరాలు కోసి, రాయికి అంటించి, ఇసుకను గాలిపోటుతో కొడతారు. రబ్బరు లేనిచోట రాయి తింటుంది. సరిగ్గా చేస్తే మంచి లోతే వస్తుంది, దీన్ని తప్పు పట్టను. లేజర్ సంగతి వేరు. మెరుగు పెట్టిన నల్లరాతి పైపొరను చుక్కలు చుక్కలుగా చితక్కొడితే అక్కడ తెల్లబడుతుంది. ఫొటో అచ్చం దిగుతుంది, పోయినవాళ్ల ముఖం చూసి ఇంటివాళ్లు కళ్లు తుడుచుకుంటారు. కానీ ఆ గీతకు లోతు లేదు, మిల్లీమీటరు కూడా ఉండదు. దానికి తోడు డీటీపీ ఫాంట్లు. పెళ్లిపత్రికకు గీసిన సన్న అక్షరాన్ని రాతికి ఎక్కిస్తే ఒత్తులన్నీ పూడుకుపోతాయి.

మరో పక్క, దక్షిణాది నల్లరాయి సమాధి రాళ్లుగా ఐరోపాకు ఓడల్లో పోతోంది. గ్రానైట్ తీసేవాళ్లు పీల్చే దుమ్ము ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ అవుతుంది. క్వారీల్లో అప్పుకు కట్టుబడిన కూలీల గురించి, బాలల గురించి నెదర్లాండ్స్ సంస్థలు 2015లోనూ 2017లోనూ నివేదికలు ఇచ్చాయి. ఆంధ్ర, తెలంగాణ క్వారీలూ వాటిలో ఉన్నాయి. జర్మనీలో న్యూరెంబర్గ్ నగరం బాలకార్మికులు చేసిన రాళ్లను తన శ్మశానాల్లోకి రానివ్వకూడదని నిబంధన పెట్టుకుంటే, అది నిరూపించడం ఎలాగో స్పష్టంగా లేదని 2013లో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం కొట్టేసింది. రాయి కోసే రంపానికి నీళ్లు కావాలి, చల్లబరచడానికీ దుమ్ము అణచడానికీ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే చోట ఆ నీళ్లు ఏ బోరు నుంచి వస్తాయో అడిగేవాళ్లు తక్కువ. వీరగల్లుల అక్షరాలు ఇన్నాళ్లు నిలవడానికి వాన తక్కువ కావడం కూడా ఒక కారణం కావచ్చు అనుకోండి.

పలక చేయించుకునేవాళ్లకు ఒకటి రెండు మాటలు. పూడ్చిన మట్టి దిగబడటానికి కొన్ని నెలలు పడుతుంది. పదకొండో రోజుకే రాయి నిలపాలని తొందరపడితే అది ఒరుగుతుంది, సంవత్సరీకానికి పెట్టించుకోవడం మేలు. నిలువురాయి అయితే మూడో వంతు నేలలో ఉండాలి. పేరును ఫోన్లో చెప్పకుండా కాగితం మీద తెలుగులో రాసిచ్చి, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు కలిపి వేయించండి. తాత పేరే మనవడికి పెట్టుకునే మన ఇళ్లలో మూడు తరాల తర్వాత ఏ నారాయణప్ప ఎవరో చెప్పాల్సింది ఆ పలకే. లోతు ఎంత వస్తుందో ముందే అడగండి. చెక్కేముందు సుద్దరాత చూపించమనండి. పని తెలిసినవాడైతే ఆ మాటకు నొచ్చుకోడు, పలకను మీవైపు తిప్పి, ఒత్తులు సరిగా ఉన్నాయా చూడండన్నా అంటాడు.