ఒక్క చుక్క చాలు

మానుకోట చుట్టుపక్కల మిరప ఏరే రోజుల్లో కండ్ల డాక్టరు దగ్గరికి పోయొచ్చిన ఆడవాళ్లకు ఒక అనుమానం వస్తుంది. ‘కండ్లల్లకెళ్లి నీళ్లు కారవట్టె, డాక్టరేమో కండ్లు ఎండిపోయినయంటడేంది?’ అని. అడగాల్సిన ప్రశ్నే. డాక్టరు మాటా నిజమే. కంటి మీద ఉండే తడి ఉత్త నీరు కాదు. రెప్పల అంచున ఉన్న గ్రంథులు వదిలే పల్చటి నూనె దాన్ని పైనుంచి కాపాడుతుంది. నూనె తగ్గితే తడి నిలవదు, గరగర మొదలవుతుంది. ఆ మంటకు కన్ను ఒక్కసారిగా నీళ్లు కుమ్మరిస్తుంది. అవి చెంపల మీదికి జారిపోతాయే గాని కంటిని తడిపి ఉంచవు.

మా వైపు కండ్లకు ఓర్పు ఎక్కువే ఉండాలి. మానుకోటలో మిరప ఘాటు, భూపాలపల్లిలో ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము, జనగామలో ఎండాకాలపు వడగాలి. పని చేసేచోటు మారినా ఇంటికొచ్చాక అందరి చేతిలో సెల్‌ఫోనే. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్ల దాకా కొట్టుకునే రెప్ప, తెర ముందు బాగా తగ్గిపోతుంది. రాతపనిలో ఉన్న నాకూ అందుకే కంటి చుక్కల సీసా తప్పలేదు.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం ‘కంటి వెలుగు’ మొదలైనప్పటి నుంచి ఊళ్లలో కండ్లంటే అద్దాల ముచ్చటే. చుక్కలు వేసుకోవడం కూడా నేర్వాల్సిన పనేనని ఎవరికీ అనిపించదు. ఇలాంటి చాలా సీసాల్లో ఉండే మందు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్. ఐస్‌క్రీమ్‌కు చిక్కదనం తెచ్చేది కూడా అదే. జబ్బును నయం చేయదు, కాసేపు తడి నిలుపుతుంది, అంతే.

ముందు చేతులు కడుక్కోవాలి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో మెల్లగా లాగితే చిన్న జేబులాగా తెరుచుకుంటుంది. పైకప్పు వైపు చూస్తూ చుక్కను అందులో పడనివ్వాలి, నల్లగుడ్డు మీద కాదు. తర్వాత కన్ను మూసి, ముక్కు పక్కన ఉండే కొసను ఒకటి రెండు నిమిషాలు వేలితో అదిమి పట్టాలి. లేకపోతే మందు ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. అందరూ చేసేది మాత్రం వేయగానే టపటప రెప్పలు కొట్టడం. ఇంకొకటి, ‘సరిగ్గా పడలేదేమో’ అని రెండో చుక్క. కంటిలో పట్టేదే దాదాపు ముప్పై మైక్రోలీటర్లు, సీసా నుంచి రాలే చుక్క అంతకు తక్కువేం ఉండదు. రెండోది చెంపకు వేసినట్టే. మరో మందు కూడా వేయాల్సి ఉంటే అయిదు నిమిషాలు ఆగాలి.

సీసా ముక్కు రెప్పకు గాని, వేలికి గాని తగలకూడదు. ఇది చాదస్తం కాదు. చుక్కల్లో క్రిమి చేరితే ఎంత చేటో ఒకసారి చూశాం. చెన్నైలో తయారైన కంటి చుక్కల వల్ల అమెరికాలో సూడోమోనాస్ బ్యాక్టీరియా సోకిందని 2023లో బయటపడింది. 18 రాష్ట్రాల్లో 81 మందికి జబ్బు చేసింది. నలుగురు చనిపోయారు, 14 మంది చూపు కోల్పోయారు. అవి క్రిములు పెరగకుండా ఆపే ప్రిజర్వేటివ్ కలపని చుక్కలు. ప్రిజర్వేటివ్ రోజుకు చాలాసార్లు వేసుకునేవారి కంటిని ఇబ్బంది పెడుతుంది, నిజమే. అది లేనిది కావాలంటే ఒక్కసారికే సరిపోయే చిన్న గొట్టాలు దొరుకుతాయి. అందులో మిగిలిన చుక్కను రాత్రికని దాచుకోవద్దు.

నాకు దీనికంటే ఎక్కువ భయం మెడికల్ షాపుల దగ్గర. కండ్లు ఎర్రబడ్డాయని అడిగితే, చీటీ లేకుండానే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు చేతిలో పెట్టేవాళ్లున్నారు. ఎరుపు రెండు రోజుల్లో పోతుంది గనుక ఆ మందు మంచిదనుకుంటాం. నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి గ్లాకోమా రావచ్చు, శుక్లాలూ రావచ్చు. నొప్పి ఉన్నా, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు మసకబారినా ఏ చుక్కలూ వేసుకోకుండా కండ్ల డాక్టరు దగ్గరికే పోవాలి.

నేనైతే మూత తీసిన తేదీని సీసా మీద పెన్నుతో రాసుకుంటాను. మాది నెల రోజులు దాటితే వాడకూడని రకం. ‘ఇంకా సగముంది గదా’ అని ఇంట్లో గొణుగుతారు. గొణగనీ, చెత్తబుట్టలోకే.